గంట బొమ్మ అరిగిన చోట

లిఫ్టులో ఇరుక్కుంటే నొక్కమని లోపలి గోడకు ఒక పలక బిగించి ఉంటుంది. దాని మీద పసుపు రంగు బొత్తాం, బొత్తాం మీద గంట బొమ్మ, పైన చిల్లుల స్పీకరు, కింద రెండు చిన్న దీపాలు. నొక్కి పట్టుకుంటే ఒక దీపం పసుపుగా వెలుగుతుంది. అవతల కంట్రోల్ రూములో ఎవరైనా ఎత్తితే రెండోది పచ్చగా వెలుగుతుంది. ఇక ఉన్నచోట నిలబడి నోటితో చెప్పుకోవడమే, చెవికి పెట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆ బొత్తాలు అరిగిపోతే పలక మార్చడం నా ఉద్యోగం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెండూ నావే. ఈమధ్య జిల్లాలు విడదీసి మూడు చేశారు గానీ, నా మోటారు సైకిలుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆపదకి పెట్టిన బొత్తాం అరగడమేమిటని కొత్తవాళ్లు అడుగుతారు. ఊరంతా రోజూ ఇరుక్కుపోతోందా అని. ఆపదల వల్ల ఏ బొత్తామూ అరగదు, మనుషుల వల్ల అరుగుతుంది. ఆసుపత్రుల్లో చేతులకు రాసుకునే మందు గంట బొమ్మని నెమ్మదిగా తినేస్తుంది. కల్యాణ మండపాల్లో పసుపు చేతులు, సున్నం వేళ్లు. ఒక కొండగుడి మెట్ల దగ్గర, ఎక్కలేక ఆగిపోయినవాళ్ల కోసం ఇలాంటి పలకే ఒకటి పెట్టారు. గంట బొమ్మ ఉంది కాబట్టి జనం దాన్ని గంటే అనుకున్నారు. నొక్కి, కళ్లు మూసుకుని, దండం పెట్టుకుని పైకి పోయేవారు. అవతలివాళ్లు ఏమైందో చెప్పండని అడిగితే, "ఏటీ అవలేదు తల్లీ, అందరం బాగుండాల" అనేవారట. ఏడాదికి రెండు పలకలు మార్చేవాణ్ణి అక్కడ.

పలక మార్చిన ప్రతిసారీ ఫోనులో ఒక ఫారం నింపాలి. అందులో 'అరుగుదలకు కారణం' అని ఒక గడి. ఎండ, తేమ, రసాయనం, దుర్వినియోగం, ఇతరం. ఈ ఐదింటిలో ఒకటి ఎంచుకోవాలి. బొత్తాన్ని ఒకసారి బొటనవేలితో తడిమితే చాలు, ఏ గడి నొక్కాలో నాకు తెలిసిపోతుందని గర్వపడేవాణ్ణి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం నేను. నా భార్య ఆ మాట రోజుకొకసారైనా అనేది.

ఆవిడ పోయి నాలుగేళ్లు దాటింది. మాకు పిల్లలు లేరు. విజయనగరంలో మేడ మీద ఒక గది, ఒక గ్యాసు పొయ్యి, ఆవిడ కుట్టు మిషను. మిషను మీద నేను బట్టలు ఆరేసుకుంటాను. ఆదివారం చర్చికి వెళితే గుమ్మం దగ్గర పదిమంది "వందనాలండీ" అంటారు, నేనూ "వందనాలు" అంటాను. అక్కడితో సరి. ఆవిడ ఉన్నప్పుడు మా ఇంట్లో పార్వతీపురం భాష నడిచేది, పక్కింటి ఆడపిల్లలందరినీ "ఒసే గుంటా, ఇలా రాయే" అని పిలిచి జడలు వేసేది. ఆవిడతోపాటు ఆ భాష కూడా నా నోట్లోంచి పోయింది. బయట నేను మాట్లాడేది ఆఫీసు తెలుగు. అపార్టుమెంటు వాళ్లతో "ఏటి" అంటే మనిషిని తక్కువ చేసి చూస్తారు.

ఒంటరిగా ఉండటం అలవాటవుతుందని అందరూ అంటారు. నాకు అలవాటు కాలేదు. సాయంత్రం గది తాళం తీసేటప్పుడు ఇప్పటికీ ఒక క్షణం ఆగుతాను.

పలక బిగించాక టెస్టు కాల్ చెయ్యాలి. మా ప్రాంతం కాల్సన్నీ విశాఖపట్నం కంట్రోల్ రూములో నాలుగో టేబులుకి పోయేవి. అక్కడ ఒక ఆడగొంతు. "నమస్కారం, ఎమర్జెన్సీ సహాయ కేంద్రం, నాలుగో టేబులు. ఏం జరిగిందో చెప్పండి" అని పుస్తకంలో చదివినట్టు మొదలుపెట్టేది. నా గొంతు గుర్తుపట్టగానే ఆ తెలుగు తీసి పక్కన పెట్టేది.

"మీరేనేటి మేస్త్రిగారూ. ఎక్కడున్నారు ఇయాల?"

"రాజాం."

"తిన్నారేటి?"

"ఇంకా లేదండీ."

"రెండయిపోనాది. ముందు తినండి. పలకెక్కడికీ పోదు."

అంతే. టెస్టు కాల్ అర నిమిషంలో ముగించాలని రూలు. ఒక్క కాల్ సరిపోతుంది గానీ, స్పీకరు సరిగా వినబడలేదన్న వంకతో నేను రెండోసారి నొక్కిన రోజులున్నాయి. రోజు మొత్తంలో నన్ను తిన్నావా అని అడిగే మనిషి ఆవిడొక్కతే. పేరు చెప్పకూడదని వాళ్లకు కట్టడి, నేనూ అడగలేదు. వయసు తెలీదు, పెళ్లయిందో లేదో తెలీదు. జలుబు చేస్తే మాత్రం తెలిసేది.

సాలూరులో లారీలు ఆగే వీధులు దాటాక ఒక ఐదంతస్తుల అపార్టుమెంటు ఉంది. ఇరవై ఇళ్లలో ఆరో ఏడో నిండాయి. ఉన్నవాళ్లలోనూ మగాళ్లు లారీలతో రోడ్ల మీదే ఉంటారు. కింద మెట్ల పక్కన గదిలో కాపలా మనిషి, ఒక విధవరాలు. ఒడిశా సరిహద్దు వైపు ఊరామెది. ఆమెకొక కూతురు. ఇరవై ఏళ్లుంటాయి. ఆ పిల్లకు చెవులు బాగా వినబడతాయి గానీ పుట్టుక నుంచీ మాట లేదు. తల్లీ కూతుళ్లు ఆ ఇళ్లవాళ్ల బట్టలు ఇస్త్రీ చేసి, మడతలు పైకి చేరవేస్తుంటారు.

అక్కడ పలకలు రెండు. ఒకటి లిఫ్టు లోపల, ఇంకొకటి కింద లిఫ్టు తలుపు పక్క గోడకి. ఆ గోడ పలక నేను పెట్టిన ఎనిమిది నెలలకే పాడైందని కబురొచ్చింది. వెళ్లి చూస్తే గంట బొమ్మ లేనే లేదు, బొత్తాం నున్నగా అయిపోయింది. పలక విప్పితే లోపలి రబ్బరు కూడా చిట్లిపోయి ఉంది. అది చాలదన్నట్టు స్పీకరు చిల్లుల పక్కన గోటి గీతలు, అన్నీ ఒకే చోట. నాకు కోపం వచ్చింది.

"ఎవరు నొక్కుతున్నారిది?" అని తల్లిని అడిగాను.

"ఎవులూ నొక్కరు బాబూ."

"ఎవరూ నొక్కకుండా దానంతటది అరిగిపోయిందా?"

"ఏటో బాబూ. ఎండకేమో."

"మెట్ల కింద ఎండెక్కడిది?"

ఆమె నేల చూసింది. పిల్ల ఇస్త్రీ బల్ల వెనక నిలబడి నన్నే చూస్తోంది. కొత్త పలక బిగించి, పైన ఒక కాగితం అంటించాను, తలుపులు బలవంతంగా తెరవరాదు, సహాయం వచ్చేవరకు వేచి ఉండండి అని. ఆమెకు చదువు రాదంటే గట్టిగా చెప్పాను. "లిఫ్టు ఆగిపోతే ఇది నొక్కాలి. విషయం చెప్పాలి. చెప్పి కూచోవాలి. తలుపు ఎవరూ ముట్టుకోకూడదు. ఎవర్నీ ముట్టుకోనివ్వకూడదు. అర్థమైందా?"

"అలాగే బాబూ. నొక్కాల, సెప్పాల, కూకోవాల."

ఫారంలో దుర్వినియోగం అని నొక్కి వచ్చేశాను.

ఆరు నెలలకు మళ్లీ అదే కబురు. ఈసారి నేను చేరేసరికి సాయంత్రం నాలుగు కావస్తోంది. బయట గేటు దగ్గర బండి నిలిపి లోపలికి వస్తుంటే ఆ పిల్ల గోడ పలక ముందు నిలబడి కనిపించింది. నన్ను చూడలేదు. నేను స్తంభం పక్కనే ఆగాను, నేరస్థుణ్ణి పట్టుకున్న పోలీసులాగ. పిల్ల బొత్తాం బలంగా నొక్కిపట్టింది. చాలాసేపటికి పసుపు దీపం వెలిగింది. తర్వాత పచ్చది.

"నమస్కారం, ఎమర్జెన్సీ సహాయ కేంద్రం, నాలుగో టేబులు. ఏం జరిగిందో చెప్పండి."

పిల్ల స్పీకరు పక్కన గోటితో రెండుసార్లు తట్టింది. టక్, టక్.

"వచ్చేసినావేటే గుంటా," అంది ఆ గొంతు. "తిన్నావా?"

టక్, టక్.

"కూరేటి, సేపలా?"

టక్.

"కాదా. వంకాయా?"

టక్, టక్.

అవతల నవ్వు వినబడింది. "రోజూ వంకాయేనేటే. మీ యమ్మకి ఇంకో కూర రాదేటి. సరే, నానూ తినేసినాను. ఇంక ఎల్లిపో. ఎవులైనా సూస్తే నీకూ నాకూ ఇద్దరికీ తిట్లే."

పచ్చదీపం ఆరిపోయింది. పిల్ల ఇంకా కాసేపు పలకనే చూస్తూ నిలబడి, తర్వాత ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లింది. ముఖంలో నవ్వుంది.

ఇంకెవరైనా అయితే ఆ దృశ్యం చూసి మురిసిపోయి ఉండేవారు. నాకు మండింది. ఎందుకు మండిందో అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు, ఇప్పుడు చెబుతాను. ఆ గొంతు నన్ను తిన్నావా అని అడిగేది కదా, అది నాకోసమే అనుకున్నాను. అది ఆవిడ అందరినీ అడిగే మాట. పైగా ఈ పిల్లని కూర ఏమిటని కూడా అడిగింది, నవ్వింది. నాతో ఎప్పుడూ నవ్వలేదు. యాభై నాలుగేళ్ల మగవాణ్ణి, మాటరాని పిల్ల మీద ఈర్ష్యపడ్డాను.

పలక మార్చాను. టెస్టు కాల్‌లో ఆవిడ "మేస్త్రిగారూ, తిన్నారేటి" అంటే, "పలక పనిచేస్తోంది, నమోదు చేసుకోండి" అని పెట్టేశాను. ఫారంలో దుర్వినియోగం నొక్కి, కింద వివరాల గడిలో రెండు వాక్యాలు రాశాను. కాపలా కుటుంబం రోజూ అనవసరంగా నొక్కి, మాటలేవీ లేకుండా తడుతోంది అని ఒకటి. కంట్రోల్ రూము సిబ్బంది దీన్ని ప్రోత్సహిస్తున్నారు అని రెండోది. ఆ గడి ఖాళీగా వదిలేసినా అడిగేవాడు లేడు.

రెండు నెలల తర్వాత బొబ్బిలిలో టెస్టు కాల్ చేస్తే ఎవరో కుర్ర గొంతు. "పరీక్ష కాల్ నమోదైంది. ధన్యవాదాలు." నేను ఇంకో మాట అనేలోపు పచ్చదీపం ఆరిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే మాట, వేరే గొంతు. మా సూపర్వైజరుకి ఫోను చేస్తే ఆయన సంతోషంగా చెప్పాడు. విశాఖపట్నం టేబుళ్లు ఎత్తేసి మొత్తం హైదరాబాదు కేంద్రానికి మార్చారట. అవతల మాట వినబడకపోతే పది సెకన్లలో కాల్ దానంతటదే తెగిపోయేలా పెట్టారట. "నీ రిపోర్టు మీటింగులో చూపించారయ్యా," అన్నాడు.

"నాలుగో టేబులు ఆవిడ ఏమయ్యారు సార్?"

"ఎవరు?"

నాకు పేరు తెలీదు. ఏమని చెప్పను?

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారని వాళ్లను తిట్టుకున్నాను. నా రెండు వాక్యాల కోసమే టేబుళ్లన్నీ ఎత్తెయ్యరని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది నిజమే కావచ్చు. కానీ ఆ పది సెకన్ల ఏర్పాటు మాత్రం నా రాతవల్ల వచ్చిందే. మాటరాని పిల్ల ఆ బొత్తాం నొక్కితే ఇక ఏమవుతుందో ఈ రెండు జిల్లాల్లో నాకొక్కడికే తెలుసు, తెలిసి కూడా సాలూరు వైపు పోలేదు. ఆ పిల్లకు ముఖం చూపించడం ఇష్టం లేకపోయింది.

వానలు పడుతున్న రోజులు. బొబ్బిలిలో ఒక నర్సింగుహోములో పలక మార్చడానికి వెళ్లి, మధ్యాహ్నం మెస్సులో అన్నం కలుపుకుంటుంటే ఫోనుకి కంప్లైంటు వచ్చింది. సాలూరు అపార్టుమెంటు. వివరం: "లిఫ్టులో గుంట ఉండిపోయిందట." పక్కన: "సాధారణం, రెండు రోజుల్లో."

మా పనిలో గుంట అంటే లిఫ్టు దిగే గొయ్యి. అన్నింటికన్నా కింద, నేలకన్నా లోతుగా ఉంటుంది. వానలకు అందులో నీళ్లు చేరతాయి, తీగలు నానతాయి, కంప్లైంట్లు వస్తాయి. గుంట ఉండిపోయిందంటే మూత పెట్టకుండా వదిలేశారేమో అనుకున్నాను. లిఫ్టన్నాక గుంట ఉండక ఏముంటుందని, రాసినవాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను కూడా. మజ్జిగ పోయించుకున్నాను. నర్సింగుహోము పని తీరిగ్గా చేశాను.

మూడు గంటల వేళ టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. ఎదురుగా షేరు ఆటో ఒకటి ఆగింది, సంచులతో ఒకామె దిగింది, ఆటో కదిలిపోయింది. ఆమె సంచులు రోడ్డు మీద పారేసి దాని వెనక పరుగెత్తింది.

"ఒరే ఆపరా, ఆపు. నా గుంట ఉండిపోనాది. లోపల గుంట ఉండిపోనాది."

ఆటో ఆగింది. నాలుగేళ్ల ఆడపిల్లను దించి ఆమె చేతికిచ్చారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాను. ఆ మాట నా ఇంట్లో పాతికేళ్లు విన్నాను. నా భార్య నోట్లో రోజుకు పదిసార్లు పలికేది. హైదరాబాదులో రాసినవాడికి తెలీకపోవడంలో తప్పు లేదు. నాకు తెలీకపోవడమేమిటి?

వానలో సాలూరికి ఎలా చేరానో నాకు సరిగ్గా గుర్తు లేదు. దారిలో ఒకసారి ఆగి కంపెనీ నంబరుకి ఫోను చేశాను. మీ కాల్ మాకు ముఖ్యం అని పాట వేశారు. పెట్టేసి మళ్లీ బండెక్కాను.

తల్లి లిఫ్టు తలుపు ముందు నేల మీద కూచుని ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయిందట. పిల్ల ఇస్త్రీ మూటతో లోపల ఉంది. ఇరుక్కుని అప్పటికి మూడు గంటలసేపు దాటింది.

"వచ్చినారా బాబూ," అంది. లేచి చేతులు జోడించింది. "మీరు సెప్పినట్టే సేసినాను. నొక్కినాను, నా గుంట ఉండిపోనాదని సెప్పినాను, కూకున్నాను. పై అంతస్తు బాబొచ్చి తలుపు ఇరగ్గొడతానన్నాడు. నానే వద్దన్నాను. ముట్టుకోకూడదన్నారు కదా మీరు. మనిషి వస్తన్నాడని ఫోనులో సెప్పినారు కదా."

పైకి పరుగెత్తి, మిషను గదిలో కరెంటు ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ లిఫ్టుని రెండో అంతస్తుకి దించాను. ఈ పని లిఫ్టువాళ్లది, నాది కాదు. ఇన్నేళ్లలో చూసి నేర్చుకున్నాను. అక్కడికి దిగివచ్చి తాళంచెవితో తలుపు తెరిచాను.

పిల్ల మూలన కూచుని ఉంది. బట్టలు తడిశాయి. మూడు గంటలు ఎవరైనా ఎలా ఆపుకుంటారు? నా వెనకే వచ్చిన తల్లి నన్ను తోసుకుని లోపలికెళ్లి, మూటలోంచి ఎవరిదో ఇస్త్రీ చీర లాగి కూతురికి చుట్టబెట్టింది. నేను తల తిప్పుకున్నాను. తిప్పుకున్న వైపే లోపలి పలక ఉంది. స్పీకరు చిల్లుల పక్కన గోటి గీతలు, కొత్తవి, రెండేసి రెండేసి, లెక్కలేనన్ని. రెండు తట్లంటే అవును, ఉన్నాను. అలా చెబుతూనే ఉంది. ప్రతి పది సెకన్లకీ అవతలివాళ్లు తెంచేస్తూనే ఉన్నారు. తప్పు వాళ్లది కూడా కాదు.

బయటికి వస్తూ ఆ పిల్ల ఆగింది. బొబ్బ తేలిన బొటనవేలితో గంట బొమ్మని నాకు చూపించింది, తర్వాత స్పీకరుని చూపించింది, తర్వాత చెయ్యి తిప్పింది, ఏదీ అన్నట్టు. నన్నే అడిగింది. బొత్తాలవాణ్ణి నేనే కదా.

"ఆ యమ్మ గొంతు రాటం మానేసినకాడి నుంచి ఇది సరిగ్గా తినట్లేదు బాబూ," అంది తల్లి. "మాటరాని పిల్లకి ఫోనేటని నవ్వుతారని మీకు సెప్పలేదు. అబద్ధమాడినాను. తప్పయిపోనాది."

తప్పయిపోయిందని ఆమె నాతో అంది. అది విని కూడా నేను అసలు సంగతి చెప్పలేదు. మెట్లు దిగి వచ్చి రెండు పలకలూ విప్పాను.

ఆ పలకల్లో ఒక సౌకర్యం మొదటి నుంచీ ఉంది, ఎవరూ వాడరు. నొక్కి పట్టుకుంటే కంట్రోల్ రూముకి పోతుంది. టకటకా రెండుసార్లు నొక్కితే ఇంకో నంబరుకి పోతుంది, ఆ నంబరు మనం పెట్టుకోవచ్చు. అందులో నా సెల్లు నంబరు పెట్టాను. కంపెనీకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. పిల్లకి చూపించాను, ఇలా రెండుసార్లు నొక్కు, ఏ వేళైనా సరే అని. తల్లికి ఇంకొకటి చెప్పాను, ఈసారి ఎవరైనా తలుపు విరగ్గొడతానంటే విరగ్గొట్టనివ్వు అని. ఫారంలో అరుగుదలకు కారణం గడి ఆ రోజు నింపలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇదంతా, నాకు తెలుసు.

నాలుగో టేబులు ఆవిడ కోసం కూడా వెతికాను. విశాఖపట్నం ఆఫీసుకి వెళ్లాను, ఆ గది అద్దెకుందని బోర్డు వేలాడుతోంది. కింద టీ అమ్మే మనిషిని అడిగితే, శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు పనిచేసేవారు, ఎటు పోయారో తెలీదన్నాడు. అక్కడితో ఆగిపోయాను.

మూడోరోజు సాయంత్రం నాలుగింటికి శృంగవరపుకోటలో ఒక లాడ్జీ మెట్ల మీద ఉండగా ఫోను మోగింది. సాలూరు పలక నంబరు. ఎత్తి, అలవాటు కొద్దీ "చెప్పండి" అన్నాను. ఏ చప్పుడూ లేదు. "ఎవరు? చెప్పండి" అన్నాను మళ్లీ. ఊపిరి వినబడుతోంది, తట్టు లేదు. నా ఆఫీసు తెలుగుకి ఆ పిల్ల జవాబివ్వదని అప్పటికి అర్థమైంది.

"ఏటే గుంటా," అన్నాను. "తిన్నావా?"

టక్, టక్.

నాలుగేళ్ల తర్వాత ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. లాడ్జీ మెట్ల మీద కూచుండిపోయాను. కూరేమిటని అడగాలని తోచలేదు. నేను ఏం వండుకున్నానో చెప్పాను, పప్పుచారు, ఉప్పెక్కువైంది అని. మూడు నిమిషాలకి కాల్ తెగిపోతుంది, పలక అలవాటది.

అప్పటినుంచి రోజూ నాలుగింటికి ఫోను వస్తుంది. ఎక్కడున్నా బండి పక్కకి తీసి ఆగుతాను. వంకాయా అని అడుగుతాను, దోసకాయా అని అడుగుతాను. వాన పడుతోందా అంటే రెండు తట్లు. నా భార్య సంగతులు చెబుతాను. ఆ పిల్లకి నేను మేలు చేస్తున్నానని ఎవరైనా అంటే నవ్వు వస్తుంది. నాలుగు కాకముందే ఫోను తీసి చూసుకునేది నేనే.

అయితే నిజం చెప్పకుండా ఆ మూడు నిమిషాలు తీసుకోవడం దొంగతనంలా ఉండేది. నెల రోజులు ఓర్చుకున్నాను. ఒక రోజు గజపతినగరం దాటాక రోడ్డు పక్కన నిలబడి చెప్పేశాను.

"ఒసే గుంటా, ఒక మాట సెప్తాను, ఇను. ఆ యమ్మ గొంతు రాకుండా సేసింది నానే. నువ్వు నొక్కతన్నావని, ఆ యమ్మ నీతో మాటాడతన్నాదని కంపెనీకి రాసినాను. నీ మీద కుళ్లుకుని రాసినాను. నువ్వు లోపల ఉండిపోయిన రోజు కూడా, కాల్ తెగిపోయింది నా రాతవల్లే."

లారీలు పోతున్నాయి. ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"కోపం ఉందేటే నా మీద?"

చాలాసేపు ఊపిరి మాత్రమే వినబడింది. తర్వాత, టక్, టక్.

అవును అని. ఇంకేదైనా అందామనుకునేలోపు మూడు నిమిషాలు అయిపోయి కాల్ తెగింది.

మర్నాడు విజయనగరంలోనే ఉన్నాను. మూడున్నరకే గదికి వచ్చి, ఆరేసిన బట్టలు తీసి, కుట్టు మిషను మీద ఫోను పెట్టుకుని కూచున్నాను. నాలుగైంది. నాలుగుంపావైంది. మనిషి లేని గదిలో నాలుగేళ్లుగా ఉంటున్నాను గానీ, ఆ పావుగంట ఉన్నంత ఒంటరిగా ఎప్పుడూ లేను. నాలుగున్నరకి లేచి పొయ్యి వెలిగించాను, ఏం చెయ్యాలో తెలీక టీకి నీళ్లు పెట్టాను.

నీళ్లు మరుగుతుండగా ఫోను మోగింది. పొయ్యి ఆపకుండానే ఎత్తాను. నేను నోరు తెరిచేలోపే అవతల నుంచి రెండు తట్లు వినబడ్డాయి.